మూడడుగుల గణపతి

దేవుడి ఎత్తును ఆన్‌లైన్‌లో నమోదు చేయించిన మొదటి శాఖ, మానవజాతి చరిత్రలోనే, మన పాతబస్తీలో ఉంది. పేరు విగ్రహ గణాంక శాఖ. నయాపూల్ దగ్గర ఒక మేడ, మూడో అంతస్తు. (లిఫ్టు ఉంది. దాని గణాంకాలు కూడా ఉన్నాయి.)

శాఖలో అందరూ లెక్కల మనుషులు కాబట్టి యాప్‌ను కూడా లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్‌లోనే తయారుచేశారు. దాన్ని ఆర్ అంటారు. సగటు అడిగినా, గ్రాఫు అడిగినా ఇస్తుంది, ముఖం మాత్రం బూడిదరంగు. గడిలో విగ్రహం ఎత్తు టైపు చేస్తే ఊరేగింపు పాసు వచ్చేది. రెండేళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి సంస్కరణ తప్పనిసరి అయింది.

డిప్యూటీ డైరెక్టర్ అనంతపద్మనాభం గారు ఒకనాడు ఫోన్‌లో ఇడ్లీ తెప్పించుకుంటూ, ఆ యాప్‌లో మీటలు జారే తీరు చూసి ముగ్ధులయ్యారు. మనదీ అలాగే జారాలని ఉత్తర్వు వేశారు. ఆ పని గణాంక సహాయకురాలు అభిజ్ఞ నెత్తిన పడింది. ఆమె జావాస్క్రిప్ట్ అనే మరో కంప్యూటర్ భాషలో ఎవరో చేసి పెట్టిన భాగాలు పదిహేడు తెచ్చి ఆర్ యాప్‌కు తగిలించింది. తగిలించడం సగం పనేనని కాగితం మీద కూడా రాసిచ్చింది. మీట జరిగేది జనం ఫోన్‌లో, లెక్క కట్టేది ఆఫీసులోని ఆర్. మీట ఎక్కడిదాకా జరిగిందో ఆర్‌కు చెప్పే వాక్యం ఒక్కో భాగానికీ విడిగా రాయాలి. పద్నాలుగింటికి రాసింది. ఎత్తు మీట, నిమజ్జనం క్యాలెండర్, అభిప్రాయం చెప్పే నక్షత్రాలు మిగిలాయి.

ఈలోగా కొత్త యాప్ ప్రారంభానికి ముహూర్తం వచ్చేసింది. పరీక్షా సంఘం వారు మీటను జరిపి చూశారు. జరిగింది. కదిలితే పనిచేసినట్టే అని నియమావళి పదకొండో నిబంధన. కొబ్బరికాయ కొట్టారు.

ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే కొండల్, లాల్‌దర్వాజాలో ఒక గల్లీ మండపానికి ఇరవై ఏళ్లుగా గణపతిని ఇస్తున్నాడు. ఈసారి పదకొండు అడుగులు. చవితికి మూడు రోజుల ముందు యాప్ తెరిచి మీటను పదకొండుదాకా జరిపాడు. తెర మీద పదకొండు పడింది. పాసు మీద మూడు వచ్చింది. మూడు అనేది ఆర్‌కు మొదట్లో చెప్పి ఉంచిన అంకె. ఆ తరువాత దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

సవరణకు దరఖాస్తు పెట్టాడు. ఆ పేజీలోనూ అదే మీట. సాయంత్రానికి జవాబొచ్చింది: మీ కోరిక మేరకు మూడు అడుగులను మూడు అడుగులుగా సవరించడమైనది.

మర్నాడు కొండల్ చేతుల మట్టి కడుక్కోకుండానే మూడంతస్తులూ ఎక్కాడు. (లిఫ్టు ఆ రోజు గణాంకాల్లో మాత్రమే పనిచేస్తోంది.) మిగిలిన వాక్యం రాయడానికి ఐదు నిమిషాలు చాలని అభిజ్ఞ బతిమాలింది. అనంతపద్మనాభం గారిది తరతరాలుగా గుడి సేవ చేసిన కుటుంబం. ఆయన శాంతంగా చెప్పారు.

"ప్రతిష్ఠ అయిన విగ్రహాన్ని కదపకూడదమ్మా. యాప్ అయినా అంతే. పండుగ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

కొండల్‌కు జావాస్క్రిప్ట్ తెలియదు. విగ్రహానికి కండ్లు అన్నిటికన్నా ఆఖరున పెట్టాలని తెలుసు. తీసుకుపోయేవాళ్లు వచ్చాక, ట్రాలీ ఎక్కించే ముందు పెడతాడు. అభిజ్ఞ చెప్పిందంతా విని, మీటను ఒకసారి అటూ ఇటూ జరిపి చూశాడు.

"బొమ్మ మస్తుగుంది సార్. గని దీనికి కండ్లు పెట్టలే. కండ్లు పెట్టకుండ ప్రతిష్ఠ ఎట్ల చేసిన్రు?"

ఆ మాటను అభిప్రాయంగా నమోదు చేసుకోమన్నారు సార్. కొండల్ ఒక్క నక్షత్రం నొక్కాడు. ఐదుగా నమోదైంది. అభిజ్ఞకు ఏడుపొక్కటే తక్కువ. ఇదంతా విన్న నాకైతే ఒళ్లు మండింది, కానీ అందుకు ఆ యాప్‌లో మీట లేదు.

మిగతా కార్ఖానాల వాళ్లు పాసు జేబులో పెట్టుకుని, విగ్రహాలను తెలిసిన దారుల్లో తోలుకుపోయారు. కొండల్ గణపతి వెళ్లాల్సిన గల్లీ మొదట్లోనే శాఖ సిబ్బంది పాసులోని ఎత్తుతో సరిచూడటానికి టేపు పట్టుకుని కూర్చున్నారు. చవితి పొద్దున మండపం తరఫున నందు వచ్చాడు. కొండల్ అప్పటికే నల్లరంగు కలిపి, కుంచె పట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమనుకోకన్నా. పక్క దుకాణంల మూడడుగులది దొరికింది. గదే తీస్కపోతున్నం."

కొండల్ కుంచెను నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. గిన్నెలో రంగు ఎండిపోయింది.

పండుగయ్యాక శాఖ సమీక్ష జరిగింది. పాతబస్తీలో ఈ ఏడు ప్రతి విగ్రహమూ సరిగ్గా మూడడుగులేనని గ్రాఫు చూపించింది. క్యాలెండర్ ప్రకారం అన్నీ ఒకే రోజున నిమజ్జనమయ్యాయి. ప్రజల సంతృప్తి ఐదుకు ఐదు. అనంతపద్మనాభం గారికి శాలువా కప్పారు. అభిజ్ఞకు ఐదు నిమిషాల పనికి అనుమతి ఇంకా పరిశీలనలో ఉంది.

పదకొండు అడుగుల గణపతి, కండ్లు లేకుండా, కొండల్ కార్ఖానాలోనే టార్పాలిన్ కింద నిలబడి ఉన్నాడు. మొన్న శాఖ నుంచి తనిఖీకి ఒకాయన వచ్చి, టార్పాలిన్ ఎత్తి చూసి, నిమజ్జనమైపోయిన విగ్రహాన్ని అనుమతి లేకుండా దగ్గర ఉంచుకున్నందుకు కొండల్‌కు సంజాయిషీ నోటీసు ఇచ్చి వెళ్లాడు.