అసలు గుండు

"చైనా కుంగ్‌ఫూ సినిమాల రెండో భాగాల్లో అథెంటిసిటీ పడిపోతుంటే మా ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు," అని సాంస్కృతిక మంత్రి విశ్వేశ్వరరావుగారు వుడ్‌ల్యాండ్స్ హాల్లో ప్రకటించారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలను మన రాష్ట్రానికి పిలవడానికి సింగపూర్ వచ్చిన మనిషి చైనా భారం కూడా నెత్తికెత్తుకున్నారంటే, ఆ మనసెంత పెద్దదో చూడండి.

తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. అథెంటిసిటీ అంటే ఏమిటని మా ఆయన మహీధర్‌ని అడిగాను.

"కల్తీ లేకపోవడం."

పాలకి చూస్తారని తెలుసు. సినిమాలకీ చూస్తారని అప్పుడే తెలిసింది.

సింగపూర్ శివారు చోవా చూ కాంగ్‌లో ఒక చైనా కంపెనీ తన కుంగ్‌ఫూ సినిమాకి రెండో భాగం తీస్తోంది. మొదటి భాగంలో బాల సన్యాసికి నున్నటి గుండు. రెండో భాగంలో అంగుళం జుట్టు. మంత్రిగారు ఇట్టే పట్టేసి, అక్కడికక్కడే అథెంటిసిటీ కమిటీ వేశారు. చైర్మన్ మా తెలుగు సంఘం ప్రెసిడెంటు రంగనాథ్ అంకుల్. మిగతా సభ్యులు తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి కూడా పులిహోర కట్టుకెళ్ళేవాళ్ళు.

"చైనావాళ్ళు ఒక్కరైనా ఉండొద్దా అంకుల్?" అన్నాను.

"వాళ్ళకి పక్షపాతం ఉంటుందమ్మా."

కుంగ్‌ఫూ చైనాకి నేర్పినవాడు మనవాడేనని కమిటీ తేల్చింది. కాబట్టి సన్యాసి వేషం తెలుగు పిల్లాడికే ఇప్పించింది. ఆ పిల్లాడు మా చిన్నోడు. గుండు తప్పదంది.

వాడు పుట్టగానే అద్దాలపెట్టెలో పెట్టారు. బతికితే పుట్టువెంట్రుకలు తిరుమలలోనే ఇస్తానని మొక్కుకున్నాను. వైటూకే అని కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పనిలో మా ఆయనకి సెలవు దొరక్క మూడేళ్ళుగా వాడికి జడ వేస్తున్నాను.

"మొక్కు జుట్టు అంకుల్. ఇక్కడ తీయకూడదు."

"దేవుడు అర్థం చేసుకుంటాడమ్మా. మంత్రిగారు చేసుకోరు."

పాయా లెబార్ పేటలోని ఆఫీసులో అంకుల్ కిందే పనిచేస్తున్న మహీధర్ తన బూట్లు చూసుకున్నాడు.

షూటింగ్‌రోజు మంగలి కత్తి నూరుతుంటే నేను పిల్లాణ్ణి వదల్లేదు. మేకప్ చేసే చైనావిడ మిస్ లింగ్ నన్ను చూసింది.

"మదర్ స్కేర్డ్ ఆ? నో నీడ్ కట్ లా."

భయం వద్దు, గుండు అక్కర్లేదంటూ లోపలికి తీసుకెళ్ళి, జడని చుట్టి నెత్తికి అదిమి, పైన చర్మంరంగు రబ్బరు టోపీ అతికించింది. మంగలిని కాఫీకి పంపేసింది.

మంత్రిగారు వచ్చి ఆ రబ్బరు తల నిమిరారు. కళ్ళు చెమర్చాయి.

"అసలు గుండు చేతికే తెలిసిపోతుందయ్యా."

కమిటీ చప్పట్లు కొట్టింది. పక్కనే, పోల్చి చూడటానికి బౌద్ధుల గుడి నుంచి పిలిపించిన నిజం సన్యాసి నిలబడి ఉన్నాడు. ఆయన తల కూడా మంత్రిగారు నిమిరారు.

"ఇది మరీ సినిమా గుండులా ఉంది. ఈయన్ని వెనక్కి పంపండి."

ఫొటో కోసం మంత్రిగారు కెమెరా వైపు తిరిగి నవ్వారు. లైట్ల వేడికి మా వాడికి దురదపుట్టింది. టోపీ పీకి కింద పడేశాడు. చుట్టిన జడ విడివడి భుజం మీద పడింది. ఫొటో అయ్యాక మంత్రిగారు ఇటు తిరిగారు.

"ఇంత మంచి గుండు మీద విగ్గు పెట్టిందెవరు? పీకండి."

వాడి మొదటి పుట్టినరోజుకి అదే జుట్టు మీద అక్షింతలు వేసిన అంకుల్ నా వైపు చూశారు. మంత్రిగారి వైపు చూశారు. తర్వాత జడ పట్టుకుని లాగారు. వాడు కెవ్వుమన్నాడు. నేను వాణ్ణి పొదివి పట్టుకున్నాను.

"రావట్లేదు సార్. బాగా అతికించారు," అన్నారు అంకుల్.

మంత్రిగారు స్వయంగా వంగి ఒకసారి లాగి చూశారు. తృప్తిగా నడుం నిటారు చేసుకున్నారు.

"చూశావా రంగనాథ్, సింగపూర్ క్వాలిటీ. మన రాష్ట్రానికి ముందు ఈ విగ్గుల కంపెనీని రమ్మను."