కాపలావాడి రెండు శక్తులు

ఆదివారం ఉదయం కాఫీ కప్పు తన ముందు టక్కున ఆగగానే, రిటైరైన జడ్జిగారు ఆనాటి కార్యక్రమాన్ని మనసులో ఖరారు చేసుకున్నారు. ఆట మొదలవగానే భార్యను బతికించాలి. భోజనాల వేళకల్లా ఆవిడ చేత మాట్లాడించాలి.

ఆవిడ నిక్షేపంగా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. చనిపోయింది ఆటలో. మనవరాలు గేమ్ మాస్టరుగా భోజనాల బల్ల మీద నడిపే ఆ మాయాలోకపు ఆటలో జడ్జిగారు కోటగుమ్మం కాపలావాడు, ఆయన భార్య మూలికల వైద్యురాలు, పంటి డాక్టరైన అల్లుడు పాటగాడు. ఒక్కొక్కరికి బొటనవేలంత బొమ్మ, కొన్ని శక్తులు; అందరికీ కలిపి దిండంత నియమావళి.

కిందటి వారం రాక్షసుడి బాణం వైద్యురాలికి తగిలింది. ఆవిడ సంజీవని సీసా ఎత్తబోయింది. అప్పుడు జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని, ఆ సీసా అంతకుముందు వంతెన దాటేటప్పుడే ఖాళీ అయిందనీ, కథ మొత్తానికి అది ఒక్కసారే పనిచేస్తుందనీ పేజీ తీసి మరీ నిరూపించారు. వైద్యురాలు ప్రాణం విడిచింది. విడుస్తూ ఆఖరి శక్తిగా మొగుడి మీద మౌనమంత్రం వేసింది. వేసినవాళ్లు పోతే మంత్రమూ పోతుంది గనుక ఆటలో అది నిమిషమైనా నిలవలేదు. ఇంట్లో మాత్రం వారమంతా నిలిచింది. ఈ వారంలో ఆవిడ ఆయనతో అన్నది "కాస్త జరగండి" అన్న మాట ఒక్కటే.

సీసా గురించే ఈ అలక అని జడ్జిగారు నిర్ధారణకు వచ్చారు. పట్టుబట్టి నియమావళిని అట్ట నుంచి అట్ట దాకా చదివారు. దారి దొరికింది.

అందరూ బల్ల చుట్టూ చేరారు. మనవరాలు బతిమాలితే, మృతురాలు కూడా ఉల్లిపాయల పళ్లెంతో సహా వచ్చి బల్ల చివర కూర్చుంది.

"అమ్మడూ, నాకు అనుకరణ శక్తి ఉంది. తోటివాళ్లను తాకితే వాళ్ల శక్తి నాకొస్తుంది. అవునా?" అన్నారు జడ్జిగారు.

"అవును తాతయ్యా. అంటే, బతికున్న తోటివాళ్లను..."

"బతికున్న అన్న మాట ఎక్కడుందో చూపించు."

మనవరాలు పేజీలు తిరగేసింది. లేదు.

"మీ నాన్నకు ప్రతిధ్వని శక్తి. పక్కవాడి శక్తిని రెట్టింపు చేసి అందరి మీదా ప్రసరింపజేస్తుంది. రెండూ కలపకూడదని నిషేధం లేదు. వద్దనలేదంటే సరేనన్నట్టే. నేను వైద్యురాలి చెయ్యి పట్టుకుంటాను. గాయం మాన్పే విద్య నాకొస్తుంది. అది రెట్టింపైతే పోయినవాళ్లు లేస్తారు."

"మావయ్యగారూ, నా ప్రతిధ్వని రోజుకొక్కసారే. ఆలోచించుకోండి," అన్నాడు అల్లుడు.

"ఆలోచించే వచ్చాను. కానివ్వండి!"

కాపలావాడు వైద్యురాలి చెయ్యి పట్టుకున్నాడు. పాటగాడు గొంతెత్తాడు. మనవరాలు పాచిక వేసి, పుస్తకం చూసి, నాలుక కరుచుకుంది.

"తాతయ్యా, తాకితే వచ్చేది వాళ్లు ఆఖరున వాడిన శక్తట. అమ్మమ్మ ఆఖరున వాడింది మౌనమంత్రం. అది రెట్టింపై, బతికున్న మీ మీదా నాన్న మీదా పడింది."

జడ్జిగారు నోరు తెరిచి, వెంటనే మూసుకున్నారు. మౌనం పడిన బొమ్మ తాలూకు మనిషి బల్ల దగ్గర పెదవి కదిపితే ఆ బొమ్మ పోయినట్టేనని నియమం. దాన్ని ఖచ్చితంగా అమలు చేయాలని మొదట్లో పేచీ పెట్టింది ఆయనే.

"మీరున్న సొరంగంలోకి రాక్షసుడు వచ్చేశాడు," అంటూ మనవరాలు ఇసుక గడియారం బోర్లించింది. "మంత్రాలు పైకి చదవాలి. మీరేమో చదవలేరు. ఇసుక అయిపోతే ఇద్దర్నీ నమిలేస్తాడు."

సరిగ్గా అప్పుడే అల్లుడి ఫోను మోగింది. అలవాటుగా స్పీకరు నొక్కాడు. క్లినిక్‌లో గోడలకు రంగులు వేస్తున్న మేస్త్రీ.

"డాక్టరుగారూ, ముందు గదికి మిరపపండు ఎరుపు కొట్టెయ్యమంటారా?"

అల్లుడు మామగారి వంక చూశాడు. మామగారు వేలెత్తి హెచ్చరించారు. పగలంతా పరుల నోళ్లు తెరిపించే ఆ పంటి డాక్టరు తన నోరు తెరవలేక, ఫోనుకేసి తల అడ్డంగా ఊపాడు.

"అయ్యా? వినపడుతోందా? వద్దనలేదంటే సరేనన్నట్టే కదండీ. మొదలెట్టేస్తున్నా!"

తమ న్యాయసూత్రం ఇంత త్వరగా ఊళ్లోకి పాకుతుందని జడ్జిగారు ఊహించలేదు. అల్లుడు జుట్టు పీక్కున్నాడు.

అప్పుడు బల్ల చివర కత్తి ఆగింది. ఆ బల్ల దగ్గర ఆటగాళ్లలో నోరు విప్పే హక్కున్నది ఇక ఒక్కరికే.

"హమ్మయ్య, ఇన్నాళ్లకు అడ్డు తగలకుండా వినే రోజొచ్చింది," అంది ఆవిడ. "సీసా ఖాళీ అంటే ఖాళీయే. దానికెందుకండీ అలుగుతాను, నేనేం చిన్నపిల్లనా? మీరు కాపలావాడు. అడ్డుపడే శక్తి కూడా ఉంది మీకు. తోటివాళ్ల మీదికొచ్చిన దెబ్బ తమ మీద వేసుకోవచ్చు. పెళ్లాం మీదికి బాణం వస్తుంటే మీరేం చేస్తున్నారు? పేజీ వెతుకుతున్నారు!"

జడ్జిగారికి అప్పుడు తెలిసింది. వారమంతా తాము తప్పు కేసు వాదిస్తున్నారు.

ఇసుక సగానికి పైగా జారిపోయింది. ఆయన నియమావళి అందుకుని, అడ్డుపడే శక్తి ఉన్న పేజీ తెరిచి మనవరాలి ముందు పెట్టారు. ఎప్పటి దెబ్బకైనా అడ్డుపడవచ్చా, కిందటి వారం దెబ్బకు కుదురుతుందా అన్న ప్రస్తావనే అందులో లేదు. వద్దనలేదు. ఆయన వైద్యురాలి బొమ్మను నిలబెట్టి, ఆ స్థానంలో తమ కాపలావాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టారు.

"తాతయ్యా!" అని మనవరాలు అరిచింది. "బాణం మీకు తగిలినట్టు లెక్క. అమ్మమ్మ బతికింది! మంత్రం వేసిన మీరే పోయారు కాబట్టి మౌనం కూడా పోయింది!"

"ఎరుపొద్దు! ఆపవయ్యా!" అంటూ అల్లుడు ఫోను పట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు.

ఆవిడ ఉల్లిపాయల చేత్తోనే మూలికల నిద్రపొడి తీసి, మంత్రం పైకి చదివి రాక్షసుడి మొహాన కొట్టింది. పాచిక కూడా ఆవిడ మాటే విన్నది. రాక్షసుడు గుర్రుపెట్టాడు.

"రెండో కాఫీ తాగుతారా?" అంది జడ్జిగారితో. కప్పు ఈసారి చప్పుడు లేకుండా ఆగింది. ఆయన తల ఊపి కప్పు అందుకున్నారు.

"అమ్మమ్మా, నాన్న ప్రతిధ్వని ఇవాళ్టికి అయిపోయింది," అని మనవరాలు గుసగుసలాడింది. "ఆ సీసాలో చుక్కేమైనా మిగిలిందేమో చూడు. తాతయ్య లేచి కూర్చుంటారు. నేను చూసీచూడనట్టు ఊరుకుంటాలే."

"అమ్మో, తప్పమ్మా! అది ఖాళీ అని తాతయ్య పేజీ తీసి మరీ నిరూపించారు," అంటూ ఆవిడ పళ్లెం తీసుకుని వంటింట్లోకి నడిచింది.

తీర్పు తమదే కావడంతో, అప్పీలు ఎక్కడ వేసుకోవాలో జడ్జిగారికి తోచలేదు.