నూరు శాతం ఫుట్‌పాత్

మూడడుగుల నేల యాచించి ముల్లోకాలను కొలిచిన వామనమూర్తి పాదాలకు ముందుగా నమస్కారం. స్వామీ, తమరు ఆనాడే కొలత ముగించుకుని వెళ్లడం మంచిదైంది. ఇప్పుడు మా వీధికి విచ్చేస్తే మొదటి పాదానికే చోటు దొరక్కపోవును.

పాఠక మహాశయులారా, మా పట్టణాభివృద్ధి మంత్రిగారు నిండు సభలో ఇలా ప్రకటించారు: "ఈ నెలాఖరుకల్లా నగరంలో ప్రతి వీధికీ రెండు వైపులా ఫుట్‌పాత్ ఉంటుంది!" ఒక్క ఇటుక కదల్చకుండా, ఒక్క మేస్త్రీని పిలవకుండా ఆ మహానుభావుడు మాట నిలబెట్టుకున్న వైనాన్ని కళ్లారా చూసిన భాగ్యం నాది.

మా అక్కయ్య సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు పటాలు గీసి రిటైరైంది. ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉంటుంది. ఊళ్లోవాళ్లు ఎవరికి తెలిసింది వారు చేరుస్తూ తయారుచేసుకునే డిజిటల్ పటం ఒకటుంది. అందులో మా పేట వీధులన్నీ ఆమె గీసినవే. ఆ పటానికి ఒకటే నియమం: నేల మీద ఉన్నదే గీయాలి. అక్కయ్యకు ఒకటే కోరిక: నాలుగు వందల మీటర్ల దూరంలోని గ్రంథాలయానికి ఎవరూ తోయకుండా తానే వెళ్లాలి. కాని దారి పొడవునా లారీలు. అందుకే మా వీధి గీతకు "ఫుట్‌పాత్: లేదు" అని తగిలించి, ఒకటి వేయించమని కార్పొరేషన్‌కు అర్జీ కూడా పెట్టుకుంది.

ప్రకటన వెలువడిన మూడోనాడు కార్యదీక్షాపరులైన కమిషనర్‌గారు స్వయంగా మా ఇంటికి విచ్చేశారు. అర్జీ ఫలించిందని అక్కయ్య పొంగిపోయింది.

"అమ్మా, పటంలో ఆ 'లేదు' అన్నది మీరేనా రాసింది?"

"అవునండీ. లేదు కదా!"

"మంత్రిగారు ఉంటుందన్నాక మీరు లేదంటే ఏం బాగుంటుంది చెప్పండి?"

"వేయించండి. ఆ క్షణమే ఉందని రాస్తాను."

"వేయించడం ఎంతసేపమ్మా! ముందు పటంలో ఎలా చూపించాలో తేలాలి. రోడ్డు గీతకే 'పక్కన ఫుట్‌పాత్ ఉంది' అని తగిలిస్తే చాలా, దానికి విడిగా గీత గీయాలా?"

"విడిగా గీస్తే గట్టు ఎక్కడ దిగాలో, స్తంభం ఎక్కడ అడ్డమో చూపించొచ్చు. నాలాంటివాళ్లకి అదే మేలు. కానీ..."

"విడి గీతే!" కమిషనర్‌గారు కుర్చీలోంచి లేచిపోయారు. "అటొకటి, ఇటొకటి. రోడ్డుకి రెండింతల పొడవు! రికార్డు!"

"కానీ నేల మీద లేనిది గీయకూడదండీ."

"నియమం నియమమే," అని ఆయన గంభీరంగా తల పంకించారు.

నియమపాలనలో వారికి వారే సాటి. మర్నాడు ఉదయమే ఆయన వెంట ముగ్గురు మనుషులు సున్నం బకెట్లతో దిగి వీధికి రెండు పక్కలా గీతలు పోశారు. ఒక గీత ట్రాన్స్‌ఫార్మర్ కంచెలో దూరి అవతల తేలింది; టీ బండి చక్రాల నడుమ నుంచి సాగింది; మూత లేని మురుగుకాలువ దగ్గర ఆగింది.

"సార్, ఇక్కడ నేల లేదు!"

"అవతలి గట్టు నుంచి మొదలెట్టవయ్యా. మధ్యలోది ఆఫీసులో కలుపుతారు."

ఫొటోలు తీశారు. సాయంత్రానికి ఆఫీసులో పదిమంది కూర్చుని నగరమంతటికీ గీసేశారు. మంత్రిగారు కంప్యూటర్ తెర మీదనే రిబ్బను కత్తిరించారు. చప్పట్లు ఆగకముందే వాన కురిసింది. సున్నం కొట్టుకుపోయింది. పటం తడవలేదు.

అక్కయ్య పటంలో మా వీధి ఫుట్‌పాత్ గీత చెరిపింది. పది నిమిషాల్లో ఆ గీత తిరిగొచ్చింది. మళ్లీ చెరిపింది; మళ్లీ వచ్చింది.

"ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత మొండి గీతని చూడలేదురా తమ్ముడూ! ఉండు, ఫొటో తీసి సాక్ష్యం పెడతాను," అని కుర్చీ తిప్పుకుంటూ రోడ్డెక్కింది. వెనక బస్సు హారన్ మోగించింది. అక్కయ్య సగం దారిలోనే వెనుదిరిగింది.

వారానికి నోటీసు వచ్చింది: "రెండు వైపులా ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద కుర్చీ నడిపినందుకు సంజాయిషీ ఇవ్వగలరు."

అది తెచ్చిన అటెండరు ఒక కాలు మోకాలిదాకా మురుగులో తడిసి, ఒంటి చెప్పుతో కుంటుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదేం అవతారం నాయనా?" అంది అక్కయ్య.

"ఆర్డరండీ అమ్మగారూ. సిబ్బంది అంతా ఫోన్లో పటం చూసుకుంటూ ఫుట్‌పాత్ మీదే నడవాలట. పటం తిన్నగా పొమ్మంది. పోయాను. ఇక్కడో సంతకం పెట్టండి."

అక్కయ్య సంతకం పెట్టి, కాలు కడుక్కోవడానికి నీళ్లిప్పించింది. "వాచిపోయిందయ్యా! ఆస్పత్రికి వెళ్లు."

"గ్రంథాలయం పక్కదేగా అమ్మగారూ. అంత దూరం నడవలేను."

"నా కుర్చీ పట్టుకో. బరువంతా దాని మీదే వెయ్యి."

నన్ను రావద్దంది. నోటీసు ఒళ్లో పెట్టుకుని నడిరోడ్డున చక్రాలు తిప్పింది. అతను వెనక కుర్చీ మీద వాలి కుంటుతూ నడిచాడు. కుంటేవాణ్ని చూసి లారీలు ఆగాయి. అతణ్ని ఆస్పత్రి మెట్ల దగ్గర దింపి, అక్కయ్య గ్రంథాలయంలోకి వెళ్లింది.

మరుసటి రోజు పత్రికలో కమిషనర్‌గారి ప్రకటన పడింది: "ఫుట్‌పాత్‌ల వినియోగం ప్రారంభమైంది. తొలి పాదచారి మా సిబ్బందే కావడం గర్వకారణం." పక్కనే ఫొటో. అటెండరుకు శాలువా కప్పుతున్నారు. కాలికట్టు కనబడకుండా పెద్ద పూలగుత్తి అడ్డం పట్టించారు.

ఈ కథ చదివినవారికీ, చదివించుకుని విన్నవారికీ, గీసినవారికీ, గీయించినవారికీ సైతం, పాదం మోపిన ప్రతి చోటా నేల ఉండుగాక!