పదకొండింటికి నేను అరెస్టయ్యాను

పిరికివాళ్లకు ఈ కాలంలో దొరికిన గొప్ప వరం ఉచిత బ్లాగు! ఈ మాట ఊరికే అనడం లేదు. మూడేళ్లుగా బ్లాగు రాస్తున్న అనుభవంతో, అంతకంటే ఎక్కువ కాలంగా పిరికివాడిగా ఉన్న అనుభవంతో అంటున్నాను.

నా పేరు సతీశ్. కోరుట్లలో ఒక సర్కారు ఆఫీసులో రికార్డు అసిస్టెంటును. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆఫీసుకు తాళం పడింది, బస్సులు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. నా బ్లాగు మాత్రం ఒక్కరోజు ఆగలేదు. దాని పేరు ‘సింహగర్జన’. ఏం, నవ్వొచ్చిందా? అక్కడ పేరు పెట్టుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. బ్లాగులోని మొదటి సుగుణం అదే.

రెండోది, వచ్చిపోయేవాళ్ల సంఖ్య చూపించడం. ఒకసారి నా పోస్టుకు నలభై మూడు మంది వచ్చారని చూపించింది. ఆ సంతోషంలో ఆ పూట అన్నం సహించలేదు. తర్వాత తెలిసింది, అందులో ముప్పై ఎనిమిది సార్లు వచ్చింది నేనే! ఎంతమంది వచ్చారో చూడటానికి వెళ్లిన ప్రతిసారీ నన్నూ కలుపుకుంది. రేషన్ కార్డులో ఒక్కసారి నా పేరు ఎక్కించుకోవడానికి ఎన్ని తిప్పలు పడ్డానో నాకు తెలుసు. ముప్పై ఎనిమిది సార్లు ఎక్కించుకున్న దయామయులను ఏమని పొగడాలి?

మరి ఆ మిగిలిన ఐదుసార్లు? మా బావమరిది జీవన్. మా పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం నుంచి దుబాయ్ పోయి నాలుగేళ్లయింది. ప్రతి శుక్రవారం సెలవునాడు తన రూములోవాళ్లను కూచోబెట్టి నా పోస్టులు పైకి చదువుతాడు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగాయా, జగిత్యాలలో రోడ్డు మీద వంటావార్పు ఎట్లా జరిగింది, వాళ్లకు అన్నీ నా వల్లే తెలుస్తాయి. నాకెట్లా తెలుస్తాయంటారా? పొద్దున పేపర్ చూసి! కానీ ‘నేను కళ్లారా చూశాను’ అని మొదలుపెడతాను. బ్లాగు ఏమైనా అడ్డు చెబుతుందా?

లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే నిష్పక్షపాతం అనిపించుకోదు. ఒకసారి వెనక గులాబీ రంగు పెట్టాను, అక్షరాలూ గులాబీవే పెట్టాను. పది రోజులపాటు ఒక్క అక్షరం కనిపించలేదు. ఆ పది రోజులూ నా రచన మీద ఒక్క విమర్శ కూడా రాలేదు కాబట్టి దాన్ని మళ్లీ సుగుణాల్లోకే మార్చాను.

ఇక అసలైన మహిమ షెడ్యూల్. ఇవాళ రాసి, ఫలానా రోజు ఫలానా గంటకు బయటికి రా అని చెప్పి పెట్టవచ్చు. కరెంటు కోతల దేశంలో ఇంతకంటే ఏం కావాలి?

మా బస్టాండు దగ్గర రిలే దీక్షల టెంటు ఉంది. రోజుకో సంఘం వంతు. పొద్దున దండ వేసి కూచోబెడతారు, సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపుతారు. శుక్రవారం మా ఉద్యోగుల వంతు, జాబితాలో నాలుగో పేరు నాది. గురువారమే పోస్టు రాసి పదకొండింటికి పెట్టాను: ‘పోలీసులు టెంటు పీకేశారు. నన్ను ఈడ్చుకుపోతున్నారు. ఇదే నా చివరి పోస్టు కావచ్చు.’ పోలీసులు రారని నా నమ్మకం. టెంటు వేసి నెలలవుతున్నా ఒక్కసారీ రాలేదు మరి. కానీ ఒట్టి ఆకలితో కూచున్నానంటే దుబాయ్‌లో చప్పట్లు ఎవరు కొడతారు?

శుక్రవారం టెంటుకే బయల్దేరాను. నమ్మండి! దారిలో ఇంటర్నెట్ సెంటర్లో జనరేటర్ చప్పుడు వినిపించింది. పోస్టు ఎట్లా వస్తుందో చూసుకుని పోదామని ఆగాను. పదకొండయింది. అరెస్టయ్యాను. చాలా బాగా వచ్చింది. ఒక ప్రింటు కూడా తీసి జేబులో పెట్టుకున్నాను.

పావుగంటలో ఫోన్. జీవన్.

“బావా! పోలీసోళ్లు ఫోన్ ఎత్తనిస్తున్నరా?”

“ఆ, మెల్లగ మాట్లాడు,” అన్నాను, కంప్యూటర్ బల్ల కిందికి వంగి.

“కొట్టిండ్రా బావా?”

“కొంచెం.”

“రూంల అందరు ఏడుస్తుండ్రు. ఆగు, అక్కకు ఫోన్ జేసి ధైర్యం జెప్త,” అని పెట్టేశాడు.

అక్క అంటే నా భార్య సరిత. ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఉంటుంది. నేను ఇంటర్నెట్ సెంటర్లో ఉంటానని ఆమెకు తెలియని రోజు లేదు. ఇంటికి పరుగెత్తాను. తాళం! పక్కింటి లసుమవ్వ నన్ను చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

“ఏడికి పోయినవయ్యా? నర్సింగం సారు కాయితం వట్టుకొని అచ్చిండు. నీ జాగ ఖాళీగున్నదట, సంఘం ఇజ్జత్ పోతదట. నీ పెండ్లాం బీడీల చాట సంకల వెట్టుకొని ఆయన ఎంట పోయింది. గిప్పుడే పోలీసోళ్లు అందరిని బండ్ల ఎక్కిచ్చుకపోయిండ్రు!”

ఆ నర్సింగం మా సంఘం నాయకుడు. ఎవరో పెద్దమనిషి కాన్వాయ్ వస్తోందని ముందుజాగ్రత్తగా పట్టుకుపోయారట. అరెస్టు నేను రాసినట్టే జరిగింది, నాకు తప్ప.

స్టేషన్‌కు పోయానా? సందు చివరి దాకా పోయాను. అక్కడి నుంచి వెనక్కి వచ్చాను. ఇలాంటివి ఇంతవరకు బ్లాగులో రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దు గూకకముందే వదిలేశారు. సరిత వచ్చి చాట దించింది.

“జీవన్ ఫోన్ జేసిండు,” అంది.

“ఏం జెప్పినవ్?”

“బావ నా పక్కకే కూసున్నడు, మంచిగున్నడు అన్న. తమ్ముడు ఏడుస్తుంటె ఇంకేం జెప్పాలె?”

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఏం రాసినవో సదువు,” అంది. గడప దగ్గరి వెలుతురులో ప్రింటు తీసి చదివాను. ఆమె చివరిదాకా విన్నది.

“మమ్ముల ఎవ్వలు ఈడ్వలే. బండెక్కుతుంటె లేడీ కానిస్టేబులు నా చాట వట్టుకున్నది, ఆకు చెదరొద్దని. మీ ఆఫీసు ఊడ్శే సమ్మక్క ముసల్ది, దూప అయితుందన్నా దీక్షల ఉన్ననని నీళ్లు తాగలే. గవన్ని ఏడ రాసినవ్? గిండ్ల నేనేడున్న?”

నేను కాగితం తిప్పి వెనక కూడా చూశాను.

“రేపు మా బీడీలోళ్ల వంతు,” అంది లేస్తూ. “నాకు ఇయ్యాల్టి పని గుడ మిగిలింది. నా పేరు మీద నువ్వు కూసో.”

కూచున్నాను. పొద్దున బీడీ సంఘం దుర్గవ్వ జాబితా చదువుతూ ‘సరిత’ అనగానే చెయ్యెత్తాను. ముప్పై మంది ఆడవాళ్లు పకపకా నవ్వారు. దండ వేసేటప్పుడు కూడా నవ్వు ఆపలేదు. టెంటు కింద ఇంత ఉక్క ఉంటుందనీ, మధ్యాహ్నానికి తల తిరుగుతుందనీ ఏ పేపరూ రాయలేదు, నేనూ రాయలేదు. బ్లాగు మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే: ఎన్ని అబద్ధాలు రాసినా నువ్వెక్కడున్నావని అది ఒక్కసారైనా అడగదు.

ఇదంతా ఆ ప్రింటు వెనకవైపు రాస్తున్నాను. నిమ్మరసం తాగాక పోయి పోస్టు చేస్తాను. జీవన్, వచ్చే శుక్రవారం అందరినీ కూచోబెట్టి ఇదీ పైకి చదువు. ఆ రోజు అరెస్టయింది మీ అక్క. నేను ఆమె పక్కన లేను.