క్లిప్పుల వల్ల కలిగే మేళ్లు

నలభై దాటిన ప్రతి మనిషికీ సర్కారే పట్టుబట్టి పళ్లకు క్లిప్పులు వేయించాలని నా డిమాండ్. నవ్వకండి. కోరుట్ల స్వరూప సంగతి వింటే మీరే సంతకం పెడతారు.

బీడీలు చుట్టే స్వరూపకు చిగుళ్ల జబ్బు పాతది. పదేళ్లలో ఆమె ముందరి పళ్లు ఒకరికొకరు పడని తోడికోడళ్లలా ఎడంగా జరిగాయి. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. జగిత్యాల డాక్టరు ఆరు నెలలు చిగుళ్లకు వైద్యం చేసి, అవి గట్టిపడ్డాకే క్లిప్పులు వేశాడు. వేసి ఒకటే మాట చెప్పాడు.

"తిన్న ప్రతిసారి తోముకోవాలమ్మా. మల్ల నెత్తురు కనపడ్డదంటే క్లిప్పులు తీసేస్త. ఇగ గా పళ్లు నిలువయి."

క్లిప్పులతో ఎన్ని లాభాలో! గట్టివి కొరకకూడదు కాబట్టి మక్కకంకి ఖర్చు తప్పింది. సకినాల ఖర్చు తప్పింది. ఏనాడూ గడప తొక్కని చుట్టాలు నోరు చూడ్డానికి వచ్చారు. పదేళ్లు నెత్తురు ఉమ్మినప్పుడు ఏమైందని అడగనివాళ్లకు ఇప్పుడు ఎంత శ్రద్ధ! అత్త చంద్రవ్వయితే రోజుకు రెండుసార్లు పలకరించేది.

"పోరగాండ్లు పెట్టుకునేటియి నీకెందుకే? గీ వయసుల సోకులా?"

అత్తాకోడళ్ల మధ్య మాటలు పెరగడం మంచిదే కదా?

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. వాడకట్టంతా నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టి, లారీలు ఆపి, అక్కడే వండుకుని తిన్నది. స్వరూప కూడా తిన్నది. తిన్నాక? ఇల్లు దూరం, డాక్టరు మాట చెవిలోనే ఉంది. సంచిలోంచి బ్రష్షు తీసి, ఆగిన లారీ పక్కన నిలబడి తోమడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో రోడ్డు మీద గడ్డం గీసుకున్నా నిరసనే, పాఠం చెప్పినా నిరసనే. విలేకరి ఫోటో కొట్టాడు. తెల్లారి పేపర్లో వచ్చింది: 'పళ్లు తోముతూ మహిళ వినూత్న నిరసన'.

"గింత ఉద్యమం నాకు చెప్పకనే చేసినవేందే?" అని మగడు రాజనర్సు అబ్బురపడ్డాడు. స్వరూప కాదనలేదు. క్లిప్పులు వేయించుకున్నాక ఆమె పళ్ల గురించి ఎవరూ వెక్కిరించని రోజు అదొక్కటే.

మర్నాడు వాడకట్టంతా బ్రష్షులతో రోడ్డెక్కింది. ముందు వరుసలో చంద్రవ్వ. కసిగా తోమి, జై తెలంగాణ అని, అందరూ ఒక్కసారే ఉమ్మారు.

రోడ్డు అంచంతా ఎర్రబడింది. స్వరూప నురగ ఒక్కటే తెల్లగా ఉంది.

నినాదాలు ఆగాయి. ఒకరు ఉమ్మింది ఒకరు చూసుకున్నారు. చంద్రవ్వ మెల్లగా కోడలి పక్కకు జరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గా జగిత్యాల డాక్టరు ఏడుంటడే?"

"సమ్మె అయినంక తీస్కపోత అత్తా. బస్సులు లెవ్వు గద," అంది స్వరూప. నవ్వింది కూడా. కొంగు ఆమెకు గుర్తు రాలేదు.

సరే, నా డిమాండ్ వాపసు తీసుకుంటున్నాను. క్లిప్పులు అందరికీ అక్కర్లేదు. ఇంట్లో ఆడమనిషి ఉమ్మినప్పుడు ఒక్కసారి అటు చూస్తే చాలు. పదేళ్లు ఇంట్లో కనబడని నెత్తురు కనబడ్డానికి మనకు ఒక రోడ్డు బంద్ చేయాల్సి వచ్చింది.