మద్దిచెట్టు తొర్ర అడ్వాన్సు

ఒక పెద్ద అడవిలో చెట్లకి కొదవ లేదు, తొర్రలకే కరువు. చెట్టంటే గింజ పడితే మొలుస్తుంది. తొర్ర అలా మొలవదు, దాన్ని ఎవరో ఒకరు తొలచాలి. తొలిచే ముక్కు ఆ చుట్టుపక్కల వడ్రంగి పిట్ట ముకుందరావు గారొక్కరికే ఉంది. అందుకని ఏ తొర్రలో తల దూర్చినా అది దాదాపు ముకుందరావు గారిదే అయ్యేది.

ఆయన అద్దె నెలనెలా పురుగుల్లో తీసుకునేవారు. అడ్వాన్సు మాత్రం ఎండబెట్టిన ఇప్పపువ్వు, పది బుట్టలు, దిగేముందే ఇచ్చెయ్యాలి. "ఇది మీ సొమ్మే నాయనా! నా దగ్గర భద్రంగా ఉంటుంది. ఖాళీ చేసిన రోజున పట్టుకుపోదువుగాని" అని తీసుకునేటప్పుడు ఎంతో ప్రేమగా చెప్పేవారు. తీసుకునేటప్పుడు ప్రేమగా మాట్లాడని ఓనరు ఏ అడవిలోనూ ఉండడు.

అలా పది బుట్టలూ సమర్పించుకుని గోరువంక గురవయ్య, అతని భార్య మంగమ్మ మద్దిచెట్టు నడికొమ్మ తొర్రలో దిగారు. ముకుందరావు గారు దాన్ని ఏ పరధ్యానంలో తొలిచారో గానీ, మూతి ఆకాశం వైపు పెట్టారు. వాన పడితే ఒక్క చుక్క వృథా పోయేది కాదు, అంతా లోపలికే. మధ్యాహ్నమైతే ఎండ సరాసరి వీపు మీదికే. చీమలైతే ఆ తొర్ర తమదేననీ, గోరువంకలే అద్దెకొచ్చాయనీ అనుకునేవి.

గురవయ్య వెళ్ళి మొరపెట్టుకున్నప్పుడల్లా ఓనరు ఒకటే మాట అనేవారు. "అడవన్నాక వాన పడదా? చెట్టన్నాక చీమ పాకదా?" ఆయన మాత్రం అదే చెట్టు పైకొమ్మన, దట్టమైన ఆకుల చాటున, తూర్పు ముఖంగా ఉన్న తొర్రలో భార్య సుందరమ్మతో కులాసాగా ఉండేవారు.

పోయిన వానాకాలం మంగమ్మ పెట్టిన గుడ్లు నీళ్ళలో నాని మురిగిపోయాయి. ఈసారి మబ్బులు కమ్ముతుండగానే ఆవిడ మొగుణ్ణి నిలదీసింది.

"ఏమండీ, నాకు నెలలు నిండుతున్నాయి. ఈ తొర్రలో మాత్రం నేను గుడ్డు పెట్టను. కావాలంటే మీరే పెట్టుకోండి."

గురవయ్య అడవంతా తిరిగి, వాగు ఒడ్డున ఒక ముసలి ఉడుత తొర్ర చూసి వచ్చాడు. పిడుగు పడి దానంతటదే ఏర్పడ్డ తొర్ర అది. పొడిగా, చల్లగా ఉంది. ఉడుత కూడా మంచిదే, కానీ అదీ ఓనరే కదా! "పున్నమిలోగా పది బుట్టలు తెస్తే నీకే. లేదంటే అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు" అంది.

పది బుట్టలూ ముకుందరావు గారి దగ్గర భద్రంగా ఉన్నాయి కదా అని గురవయ్య ధీమాగా పైకొమ్మకి ఎగిరాడు.

"ఇవ్వనని ఎవరన్నారయ్యా?" అన్నారు ముకుందరావు గారు. "కొత్తవాళ్ళు దిగగానే వాళ్ళిచ్చిన అడ్వాన్సు తీసి నీ చేతిలో పెడతాను."

"వాళ్ళదెందుకండీ? నేనిచ్చింది ఉంది కదా?"

"నువ్విచ్చింది నీ ముందున్న పిచ్చుకకి ఇచ్చాను. పిచ్చుక ఇచ్చింది దాని ముందున్న మైనాకి ఇచ్చాను. పద్ధతంటే పద్ధతే. నీ ఒక్కడి కోసం మార్చమంటావా?"

మొట్టమొదటివాడు ఇచ్చిన ఇప్పపువ్వు ఏమైందని గురవయ్య అడగబోయాడు. ముకుందరావు గారి పొట్ట చూసి ఊరుకున్నాడు.

ఇక మిగిలింది తగువుల సభ. దానికి అధ్యక్షుడు తాబేలు కూర్మనాథం గారు. పుట్టినప్పటినుంచీ సొంతింట్లోనే ఉన్నవారు గనక అద్దె తగువుల్లో పక్షపాతం చూపరని ఆయన్ని ఎన్నుకున్నారు. సభ జరిగే దుంగ మటుకు ముకుందరావు గారిది. దానికి ఆయన అద్దె తీసుకునేవారు కాదు.

గురవయ్య తన గోడంతా చెప్పుకున్నాడు. కూర్మనాథం గారు సాంతం విని, "అంతా బాగానే ఉంది గానీ, ఖాళీ చెయ్యడమంటే ఏమిటి నాయనా?" అని అడిగారు.

"ఉన్న ఇంట్లోంచి బయటికి రావడమండీ."

తాబేలు ఉలిక్కిపడి తల లోపలికి లాక్కుంది. కాసేపటికి లోపలినుంచే, "బయటికి రావడమా! ప్రాణాలతోనేనా?" అంది.

అదేమంత ప్రమాదం కాదని నచ్చజెప్పేసరికి పొద్దు వాలింది. చివరికి తీర్పు వచ్చింది. పోయే కాపురమే వచ్చే కాపురాన్ని వెతికిపెట్టాలి. పైగా గోరువంక మాటకారి పక్షి గనక ఆ పని దానికి బొత్తిగా కష్టం కాదు.

మర్నాటినుంచి గురవయ్య కొమ్మ చివర కూర్చుని, దారిన పోయే ప్రతి పిట్టనీ పిలవడం మొదలుపెట్టాడు. మూడో నాడు కొత్తగా పెళ్ళయిన చిలకల జంట వచ్చి వాలింది.

"పైన కప్పు లేదేమిటి బాబాయ్?" అంది మగ చిలక తల ఎత్తి చూసి.

"కప్పెందుకురా అబ్బాయ్? గంగమ్మే దిగి వస్తుంది. నీళ్ళ కోసం గడప దాటక్కర్లేదు."

"ఈ ఎండేమిటి బాబాయ్?" అంది ఆడ చిలక.

"అది ఎండ కాదమ్మా, వరం! గుడ్డు పెట్టి నువ్వలా షికారుకి వెళ్ళిపో. పొదిగే పని సూర్యుడే చూసుకుంటాడు."

"చీమలో?"

"పొద్దున లేచేసరికి ఫలహారం గుమ్మంలోకే నడిచొస్తుంది. ఈ భోగం అడవిలో ఇంకెక్కడుంది చెప్పు!"

చిలకలు ముచ్చటపడ్డాయి. ఆలోచించుకుని చెబుతామని వెళ్ళిపోయాయి. అవి అటు వెళ్ళగానే మంగమ్మ మొహం తిప్పుకుంది.

"ఆ పిల్ల కూడా రేపో మాపో గుడ్లు పెడుతుంది" అంది మెల్లగా.

గురవయ్యకి సిగ్గేసింది. అబద్ధం ఆడినందుకు కాదు, అంత బాగా ఆడగలిగినందుకు. అయినా పున్నమి దగ్గర పడుతోంది, ఆగితే ఎలా అని సర్దిచెప్పుకున్నాడు.

అయితే ఎంత మాటకారైనా అతనొక సంగతి మరిచాడు. చెప్పుకోక చెప్పుకోక చిలకలకి చెప్పుకున్నాడు. సాయంత్రానికల్లా గంగమ్మ దిగి రావడం, సూర్యుడు పొదగడం, ఫలహారం నడిచి రావడం అక్షరం పొల్లుపోకుండా ప్రతి కొమ్మ మీదా వినిపించాయి. విని విని ముకుందరావు గారికి కడుపు రగిలిపోయింది. ఇంత వైభవం ఉన్న తొర్రని ఇన్నాళ్ళూ ఆ ధరకా ఇచ్చాను!

వెంటనే అడ్వాన్సు ఇరవై బుట్టలు చేశారు. చిలకలు మళ్ళీ ఆ చెట్టు వైపు రాలేదు. ఇక్కడ పున్నమి దాటిపోయింది, అక్కడ ఉడుత తొర్రలో ఒక గుడ్లగూబ దిగిపోయింది.

ఆ సంగతి తెలిసిన రోజు మంగమ్మ కొత్త గూటి కోసం ఏరి పెట్టుకున్న పుల్లలన్నీ కింద పారేసింది. తిట్టినా బాగుండేదని గురవయ్య అనుకున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సభనుంచి పిలుపొచ్చింది. ఈసారి ఫిర్యాదు ముకుందరావు గారిది. తొర్రలో ఇన్నాళ్ళూ వాడుకున్న నీళ్ళకీ, ఎండకీ, చీమలకీ విడిగా కట్టాలిట. అడ్వాన్సు అందులోకి చెల్లు. మిగతాది గురవయ్యే ఇచ్చుకోవాలి. చిలకలు సాక్షులు. అవి గురవయ్య గొంతుతోనే మొత్తం అప్పజెప్పాయి.

గురవయ్యకి ఇక దాచి లాభం లేదనిపించింది. "అయ్యా, అదంతా అబద్ధం! అడ్వాన్సు వస్తుందన్న ఆశతో చెప్పాను. ఆ తొర్ర కారుతుంది. మా గుడ్లు అందులోనే మురిగిపోయాయి. అందులో కాపురం చేసినవాణ్ణి, నాకు తెలియదా?"

"కారుతుందా!" ముకుందరావు గారు జుట్టు నిక్కబొడుచుకుని లేచారు. "నేను తొలిచిన తొర్ర కారుతుందా? నా ముక్కు మీద ఒట్టు, ఈ అడవి మొత్తం మీద దాన్ని మించిన తొర్ర లేదు!"

కూర్మనాథం గారు తీర్పు చెప్పడానికి తల బయటికి తియ్యడం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేలోగా సభ వెనకనుంచి సుందరమ్మ లేచింది.

"ఏమండీ! దాన్ని మించిన తొర్ర లేదా?"

"లేదంటే... అది సభ కోసం..."

"కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను పైకొమ్మన చీకటి కొట్టులో పెట్టి, అద్దెవాళ్ళకి అంత భోగమా? సూర్యుడు వాళ్ళ గుడ్లు పొదుగుతుంటే నేను ఇక్కడ రెక్కలు విరిగేలా పొదగాలా? ఇవాళే మారిపోతున్నాం!"

"నీకు తెలియదే, అది..." అని ముకుందరావు గారు భార్య చెవిలో ఏదో ఊదబోయారు.

"ఏమిటీ, కారుతుందా?" అన్నారు కూర్మనాథం గారు, తల అప్పటికి బయటికి వచ్చింది గనక. "కారే మాటైతే గోరువంక చెప్పింది నిజం. అడ్వాన్సు ఇక్కడే ఇచ్చెయ్యాలి."

ఇవ్వడానికి ముకుందరావు గారి దగ్గర ఒక్క పువ్వు కూడా లేదు. అటు భార్యనీ ఇటు తాబేలునీ చూశారు.

"కారదండీ" అన్నారు నీరసంగా.

"అయితే మారండి. మాకేం అభ్యంతరం లేదు" అన్నారు కూర్మనాథం గారు.

గురవయ్యకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. రెండు రెక్కలూ జోడించి ముందుకొచ్చాడు.

"అయ్యా, కొత్తవాళ్ళు దిగగానే నా అడ్వాన్సు ఇస్తామన్నారు. ఇప్పుడు కొత్తగా దిగేది ఓనరు గారే. ఆయన ఆయనకి అడ్వాన్సు ఇచ్చుకుంటే, అది తీసి నాకు ఇవ్వొచ్చు కదండీ?"

కూర్మనాథం గారు దీని గురించి చాలాసేపు ఆలోచించారు. అందులో తప్పేమీ కనబడలేదు. "ఇరవై బుట్టలు అన్నారుగా ఇప్పటి ధర. అందులోంచి పది ఇస్తే సరి" అన్నారు.

ముకుందరావు గారు గురవయ్యని దుంగ వెనక్కి తీసుకెళ్ళారు. ఆయన ఆ సాయంత్రం మాట్లాడినంత ప్రేమగా అడ్వాన్సు తీసుకునేటప్పుడు కూడా మాట్లాడలేదు. తాను ఖాళీ చేసే పైకొమ్మ తొర్రలో గురవయ్య దిగవచ్చు. నీళ్ళు, ఎండ, చీమల సొమ్ము మాఫీ. అడ్వాన్సు కొత్తగా అక్కర్లేదు, పాతదే ఉంది కదా!

"ఎక్కడుందండీ?" అన్నాడు గురవయ్య అలవాటు కొద్దీ.

"భద్రంగా ఉందయ్యా" అన్నారు ముకుందరావు గారు.

వారం తిరక్కుండా తొలకరి కురిసింది. పైకొమ్మ తొర్రలో నాలుగు గుడ్లూ పొడిగా, వెచ్చగా ఉన్నాయి. మంగమ్మ వాటి మీద కూర్చుని ఏడుస్తూ నవ్వింది. గురవయ్య ఆవిడ పక్కన చేరి, నడికొమ్మనుంచి వినిపిస్తున్న సుందరమ్మ గొంతుకి చెవులు అప్పగించి, తెల్లవారేదాకా హాయిగా మేలుకున్నాడు.

నీతి: ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదు, మరీ అదృష్టం బాగుంటే ఓనరే ఇల్లు ఖాళీ చేసి పోతాడు.