కప్పబొమ్మ ప్లేటు

ఒక పెద్ద అడవిలో దారులు తక్కువ, చౌకీలు ఎక్కువ. దారిన నడిచే ప్రతి జంతువూ మెడలో నంబరు ప్లేటు కట్టుకోవాల్సిందే. లేకపోతే చౌకీ దగ్గర దుమ్ములగొండి పళ్ళికిలిస్తుంది.

అక్కడ జలంధరయ్య అనే ముసలి కప్ప ఉండేవాడు. కప్పల గాన సమాజానికి ఆయనే పెద్ద. తొలకరికి కలువల మడుగు దగ్గర కచేరీ చేయడం వాళ్ళకు తాతలనాటి ఆనవాయితీ. ఈ ఏడు పందిరి వేయడానికి చిల్లిగవ్వ లేదు. ఆ పాట తన హయాంలోనే ఆగిపోతుందేమోనని ఆయనకు ఒకటే బెంగ.

అడవి సభ కార్యదర్శి నక్క దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాడు.

"పెద్దాయనా, కళకు చందా ఇమ్మంటే ఎవడిస్తాడు? అదే మెడలో వేసుకు తిరిగేదైతే ఎగబడి కొంటారు," అంది నక్క. "నంబరు పక్కన మీ కప్పబొమ్మ వేయిద్దాం. ధర రెట్టింపు. పైన వచ్చిందంతా మీ సమాజానికే."

జలంధరయ్య కళ్ళు ఇంకాస్త బయటికొచ్చాయి.

"మరి కొన్నవాళ్ళకు కాస్త మర్యాద ఉండాలిగా? కచేరీకి బొమ్మప్లేటు ఉన్నవాళ్ళకే ప్రవేశం అందాం. ఏమంటారు?" అంది నక్క.

"అంతకన్నా ఏం కావాలి బాబూ!" అంటూ ఆ రూలు మీద జలంధరయ్య తడికాలితో ముద్ర వేసేశాడు.

ఇంకేముంది, ప్లేట్ల కోసం తోపులాట మొదలైంది. కూడితే తొమ్మిది వచ్చే నంబరు కోసం ఎలుగుబంటీ అడవిపందీ కొట్టుకున్నంత పని చేశాయి. పాటంటేనే చిరాకుపడే గుడ్లగూబ కూడా ఒకటి కొంది. పాముకు మెడ ఎక్కడుందో తేలక తోకకు కట్టారు.

"కప్పలంటే నాకు ప్రాణం," అంది పాము.

"మనమూ తలా ఒకటి తీసుకుందామండీ," అంది జలంధరయ్య భార్య మడుగమ్మ.

"మన బొమ్మ మనమే కొనుక్కుంటామా? ఎంత నామోషీ! నవ్విపోరూ?" అన్నాడాయన.

కచేరీ రోజు కప్పలన్నీ గొంతులు సవరించుకుంటూ బయల్దేరాయి. చౌకీ దగ్గర దుమ్ములగొండి అడ్డం నిలబడింది.

"ఇది మామూలు ప్లేటు. ఇవాళ చెల్లదు, పక్కకు జరగండి."

"నాయనా, ఆ బొమ్మలో ఉన్నది మేమే!"

"అందరూ అదే చెప్తారు. ఇందాక పాము చూడు, ఎంత మర్యాదస్తుడో! తోకెత్తి చూపించి మరీ వెళ్ళాడు. అయినా రూలు మీద ఆ తడికాలి ముద్ర మీదేగా?"

జలంధరయ్య తన తడికాలి వంక ఓసారి చూసుకున్నాడు. అవతల పందిరి కనిపిస్తూనే ఉంది. ఆయన జన్మలో అంత లక్షణమైన పందిరి చూడలేదు. సింహంగారు వేంచేశారు. వేదిక మాత్రం ఖాళీ. నక్కకు ముచ్చెమటలు పోశాయి.

"మెడలో కప్ప ఉన్నవాళ్ళంతా గొంతు కలపండి!" అని గబగబా తానే ఎత్తుకుంది. ఊళలు, గుర్రులు, బుసలు అన్నీ కలిసి అడవి దద్దరిల్లింది.

"కప్పలు ఈ ఏడు బాగా పుంజుకున్నాయి," అని సింహం జూలు ఊపింది. "ఇకమీదట ఏటా వీళ్ళచేతే పాడించండి."

చప్పట్లు మోగాయి. సరిగ్గా అప్పుడే తొలి చినుకు జలంధరయ్య నెత్తిన పడింది. దుఃఖం పొంగుకొచ్చినా, చినుకు పడ్డాక కప్ప గొంతు ఊరుకుంటుందా? "బెక..." అన్నాడు.

"ఉష్!" అని కసిరింది దుమ్ములగొండి. "లోపల కప్పల కచేరీ జరుగుతోంది."

నీతి కావాలంటే ఇదీ: మన బొమ్మ ఊరంతా ఊరేగుతున్నప్పుడు నామోషీ పడకుండా మనమూ ఒకటి కొనుక్కోవాలి.